ఓఎల్ఈడీ తెరలో నీలం ముందే ఎందుకు అరిగిపోతుంది?

మూడేళ్లు వాడిన అమోలెడ్ (ఫోన్లలో వాడే ఓఎల్ఈడీ రకం తెర) ఫోన్‌ తీసుకుని, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి, స్క్రీన్ నిండా లేత బూడిదరంగు ఫొటో ఒకటి పెట్టి చూడండి. ఆ తెర ఇన్నాళ్లూ ఏం చూపించిందో బయటపడుతుంది. పైన టైమ్, బ్యాటరీ గుర్తులు ఉండే పట్టీ, కింద మూడు బటన్ల ఆనవాళ్లు, ఎక్కువగా వాడితే కీబోర్డు గళ్ల నీడ కూడా కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే ఆ మచ్చలు కాస్త పసుపు తిరిగి ఉంటాయి. నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా రిపేరు షాపులో వినిపించే మాట ఒకటే: "బర్న్ అయిందన్నా, కాంబో మార్చుడే." కాంబో అంటే పైగాజుతో కలిసి వచ్చే తెర సెట్టు.

బర్న్ అంటున్నాం గానీ అక్కడ ఏదీ కాలలేదు. ఈ తెర సొంతంగా వెలిగే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలతో నిండి ఉంటుంది. ఆ చోట ఎక్కువ గంటలు వెలిగిన చుక్కలు పక్కవాటికంటే ముందే ముసలివయ్యాయి. అందులోనూ నీలం చుక్కలు ఎక్కువగా నీరసించాయి. తెలుపులోంచి నీలం తగ్గితే మిగిలేది పసుపే. తెర మీద నిలువునా పచ్చగీత పడటం దీంతో సంబంధం లేని జబ్బు. అది ఎక్కువగా చుక్కలకు కరెంటు అందించే తీగల్లో, చిప్‌లో, అతుకుల్లో వచ్చే తేడా. ఇక్కడ చెప్పుకునేది అరుగుదల గురించి.

ఓఎల్ఈడీ సామర్థ్యం గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆయుష్షును ఇంకో అధ్యాయంగా పెడతారు. నిజానికి ఆ రెండూ ఒకటే సమస్య. లోపలికి పంపిన శక్తి వెలుగై బయటికి రాకపోతే లోపలే ఉండిపోతుంది. ఉండిపోయిన శక్తి వేడిగా మారుతుంది, లేదా పక్కనున్న అణువు మీద పడి దాన్ని విరగ్గొడుతుంది. అందుకే సామర్థ్యం పెంచిన ప్రతి మంచి పద్ధతీ చాలావరకు ఆయుష్షునూ పెంచింది. నీలం దగ్గర మాత్రం లెక్క ఎదురు తిరిగింది. గత పాతికేళ్లుగా ఈ రంగంలో జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఆ ఒక్క ముడి విప్పడానికే సాగింది.

అసలు ఈ పరికరం ఎలా వెలుగుతుందో ముందు చూద్దాం. 1987లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ ల్యాబ్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు ఒక గాజు పలక తీసుకున్నారు. దాని మీద పారదర్శకంగా ఉండే ఇండియం టిన్ ఆక్సైడ్ పూత, దానిపైన రెండు పలచని సేంద్రియ (కార్బన్ అణువులతో చేసిన) పొరలు, అన్నిటికంటే పైన మెగ్నీషియం-వెండి పూత వేశారు. 10 వోల్టుల లోపే అది చక్కగా ఆకుపచ్చగా వెలిగింది. ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు వస్తాయి, రెండోవైపు నుంచి ఎలక్ట్రాన్ లేని ఖాళీలు వస్తాయి, వీటినే హోల్స్ అంటారు. రెండూ మధ్యలో కలిసినప్పుడు అక్కడి అణువు ఉద్రేక స్థితికి వెళ్తుంది. మళ్లీ కిందికి దిగేటప్పుడు వెలుగు వదులుతుంది. రెండు పొరలు పెట్టడంలోనే ఉంది వాళ్ల తెలివి. అంతకుముందు ఎలక్ట్రాన్లు, హోల్స్ కలుసుకోకుండానే అటువైపు లోహంలోకి జారిపోయేవి. రెండు పొరలు కలిసే గట్టు దగ్గర అవి ఆగి కలుసుకున్నాయి.

ఆ పొరలన్నీ కలిపినా మందం 100 నుంచి 200 నానోమీటర్లే. తల వెంట్రుక అంతకు కొన్ని వందల రెట్లు లావు. 100 నానోమీటర్ల మీద 5 వోల్టులు పెడితే, మీటరుకు 5 కోట్ల వోల్టుల ఒత్తిడి పెట్టినట్టు లెక్క. గాలిలో మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు దాటితేనే నిప్పురవ్వ దూకుతుంది. చిన్న దుమ్ము కణం ఒకటి ఆ పొరల మధ్య ఇరుక్కుంటే ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

1987 నాటి పరికరంలో 100 ఎలక్ట్రాన్లు లోపలికి వెళ్తే సుమారు ఒక్క ఫోటాన్ (వెలుగు కణం) మాత్రమే బయటికొచ్చింది. మిగతా 99 ఎటు పోయాయి?

కొన్ని జత దొరక్క పోయాయి. జత దొరికినా చాలా భాగం వెలగలేకపోయాయి, దానికి కారణం క్వాంటమ్ లెక్క. ఎలక్ట్రాన్, హోల్ కలిసినప్పుడు ఏర్పడే నాలుగు జతల్లో, వాటి స్పిన్ అనే క్వాంటమ్ గుణం కలిసే తీరును బట్టి, సగటున ఒకటి సింగ్లెట్, మూడు ట్రిప్లెట్. సింగ్లెట్ నానోసెకన్లలో వెలుగు విడిచి కిందికి దిగుతుంది. మామూలు సేంద్రియ అణువుల్లో ట్రిప్లెట్‌కు ఆ దారి దాదాపు మూసుకుని ఉంటుంది, కాసేపు ఊరికే ఉండి వేడిగా చల్లారిపోతుంది. అంటే ఎంత బాగా తయారుచేసినా నాలుగో వంతుకు మించి వెలుగు రాదు.

ఆ తలుపును 1998లో ప్రిన్స్‌టన్, సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీల్లో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందాలు తెరిచాయి. అణువు మధ్యలో ప్లాటినం, తర్వాత ఇరిడియం లాంటి బరువైన లోహాన్ని కూర్చోబెడితే ట్రిప్లెట్ కూడా వెలుగు విడుస్తుంది. దీన్నే ఫాస్ఫోరోసెన్స్ అంటారు. లోపల పుట్టే వెలుగు 25 శాతం నుంచి దాదాపు 100 శాతానికి చేరే దారి దొరికింది. ఇవాళ ఫోన్లలోని ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు ఈ పద్ధతిలోనే వెలుగుతున్నాయి. 2012లో జపాన్ క్యుషూ యూనివర్సిటీలో చిహాయా అడాచి బృందం లోహమే లేకుండా ఇంకో దారి చూపించింది. సింగ్లెట్, ట్రిప్లెట్ మెట్ల మధ్య ఎత్తు బాగా తగ్గిస్తే, గది వేడికే ట్రిప్లెట్ పై మెట్టెక్కి సింగ్లెట్‌గా మారి వెలుగు విడుస్తుంది. ఏడాదికి ప్రపంచమంతా కలిపి 10 టన్నులు కూడా దొరకని ఇరిడియం మీద ఆధారపడకుండా ఉండొచ్చు కాబట్టి ఈ దారి మీద ఆశలు పెద్దవే.

మరి ఈ మార్గాలు నీలానికి ఎందుకు సరిపోలేదు?

దక్షిణ తెలంగాణలో ఏ ఊరి సెంటర్లో నిలబడినా దీనికి సూచన కనిపిస్తుంది. ఎప్పుడో పండక్కి కట్టిన ఫ్లెక్సీ రెండు ఎండాకాలాలు చూశాక మనిషి ముఖం, చొక్కా, వెనకాల పూలు అన్నీ నీలంగా మారిపోతాయి. ఎరుపు, పసుపు సిరాల అణువులు ఎండలోని అతినీల కిరణాల దెబ్బకు విరిగి రంగు కోల్పోతాయి. నీలం సిరా మాత్రం నిలుస్తుంది, దాని అణువు అంత గట్టిది. సాధారణంగా అది కాపర్ థాలోసయనిన్. ఈ ఫ్లెక్సీ రెండు సంగతులు చెబుతుంది. ఒకటి, నీలం, అతినీలం వైపు వెళ్లేకొద్దీ వెలుగులో అణువును విరగ్గొట్టే బలం పెరుగుతుంది. రెండోది, అణువు నిర్మాణం గట్టిగా ఉంటే ఆ దెబ్బకు తట్టుకుంటుంది. కొడాక్ బృందం 1996లో తమ పరికరం ఆయుష్షు పెంచినప్పుడు, హోల్స్ సాఫీగా లోపలికి దిగడానికి ఇండియం టిన్ ఆక్సైడ్ మీద వేసిన పొర ఇదే కాపర్ థాలోసయనిన్. దాంతో వెలుగు సగానికి పడిపోవడానికి సుమారు 4,000 గంటలు పట్టే స్థాయికి చేరారు. రోజుకు 4 గంటల లెక్కన అది మూడేళ్లకు కాస్త తక్కువ. ఎండకు వెలిసిన ఫ్లెక్సీలో చివరిదాకా మిగిలే రంగే మొదటితరం ఓఎల్ఈడీని నిలబెట్టిన పొరల్లో ఒకటి కావడం గుర్తుంచుకోదగ్గ విషయం.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎరుపు ఫోటాన్‌లో సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి ఉంటుంది, ఆకుపచ్చలో 2.3, నీలంలో 2.7. సేంద్రియ అణువుల్లో బలహీనమైన బంధాలు, ముఖ్యంగా కార్బన్-నైట్రోజన్ లాంటివి, 3 నుంచి 4 ఎలక్ట్రాన్ వోల్టుల చుట్టూ విరుగుతాయి. ఒక్క నీలం ఉద్రేకం ఆ గీత కిందే ఉంది కాబట్టి ప్రమాదం లేదనిపిస్తుంది. కానీ పొరలో ఒక్కటే ఉండదు. ఒక ట్రిప్లెట్ ఇంకో ట్రిప్లెట్‌ను ఢీకొంటే, లేదా దారిన పోతున్న ఎలక్ట్రాన్‌కు తన శక్తి అప్పజెబితే, రెండింటి శక్తీ ఒక్కచోట పోగవుతుంది. 2.7కు 2.7 కలిస్తే 5.4. ఆ దెబ్బకు బంధం విరుగుతుంది. ఎరుపులో ఆ మొత్తం 4 మాత్రమే, పైగా ఎరుపుకు వాడే అణువుల్లో తట్టుకునే వీలుంది.

విరిగిన అణువు తను వెలగకపోవడం చిన్న నష్టమే. దాని ముక్క పొరలో మిగిలిపోయి పక్కనుంచి వచ్చే ఎలక్ట్రాన్లను పట్టేస్తుంది, చుట్టుపక్కల పుట్టిన వెలుగునూ మింగేస్తుంది. మింగినదంతా వేడి. దాంతో అదే వెలుగు రావాలంటే ఇంకొంచెం కరెంటు పంపాలి. కరెంటు పెరిగితే ఢీకొనడాలు పెరుగుతాయి. అరుగుదల మొదలయ్యాక ఆగని తీరు ఇదీ.

ఫాస్ఫోరోసెన్స్ నీలం విషయంలో ఎందుకు ఎదురు తిరిగిందో ఇప్పుడు అర్థమవుతుంది. ట్రిప్లెట్ వెలుగు విడవడానికి మైక్రోసెకను దాకా పడుతుంది, అంటే సింగ్లెట్‌కంటే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువసేపు పైమెట్టు మీద నిలబడి ఉంటుంది. తక్కువ శక్తి ఉన్న ఎరుపు అలా నిలబడితే పెద్ద ప్రమాదం లేదు. నీలం అంతసేపు నిలబడితే ఢీకొనే అవకాశమూ పెరిగింది, ఢీకొంటే విరిగే బలమూ ఉంది. అందుకే కంపెనీలు ఎరుపు, ఆకుపచ్చలను ఫాస్ఫోరోసెంట్ చేసి, నీలాన్ని ఏళ్ల తరబడి సింగ్లెట్ వెలుగు మీద నడిచే పాత ఫ్లోరోసెంట్ పద్ధతిలోనే ఉంచేశాయి. సామర్థ్యం పోయినా ఫరవాలేదు, ఆయుష్షు దక్కితే చాలనుకున్నాయి. చాలా ఫోన్ తెరల్లో నీలం చుక్కను మిగతావాటికంటే పెద్దదిగా పెట్టేదీ ఇందుకే, ఒక్కో చదరపు మైక్రాన్ మీద భారం తగ్గించడానికి.

నీలం కోసం వాడిన తొలి ఇరిడియం అణువుల్లో ఫ్లోరిన్ ఉండేది. ఫ్లోరైడ్ అనే మాట నల్లగొండ జిల్లాలో, అందులోనూ మర్రిగూడ, మునుగోడు వైపు వింటే వేరే బాధ గుర్తొస్తుంది. గ్రానైట్ రాళ్లలోంచి బోరు నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్ అక్కడ తరాల ఎముకలు వంచింది. ఓఎల్ఈడీ కథలో అదే మూలకానికి రెండు ముఖాలున్నాయి. 1997లో కొడాక్ పరిశోధకులు అల్యూమినియం కింద ఒక నానోమీటరు కూడా లేని లిథియం ఫ్లోరైడ్ పొర వేస్తే ఎలక్ట్రాన్లు ఎంతో తేలిగ్గా లోపలికి దిగాయి, వోల్టేజీ తగ్గింది. ఆ పొర ఇప్పటికీ వాడుకలో ఉంది. అణువు మీద కార్బన్‌కు అతికించిన ఫ్లోరిన్ సంగతి వేరు. అది ఎలక్ట్రాన్లను తనవైపు లాగి రంగును నీలం వైపు జరిపింది గానీ, పరికరం నడుస్తుండగా ఆ బంధమే ముందు తెగిపోతున్నట్టు తేలింది. రంగు కోసం పెట్టింది ప్రాణానికే చేటయింది. ఆ తర్వాత రసాయన శాస్త్రజ్ఞులు ఫ్లోరిన్ లేని నీలాల వెంట పడ్డారు.

అణువును మార్చకుండా రద్దీని తగ్గించే ఉపాయం ఇంకోటి ఉంది. చెరువుగట్టు జాతరలో జనమంతా ఒకే మెట్లదారి దగ్గర కలిస్తే తొక్కులాట ఎలా ఉంటుందో, ఎలక్ట్రాన్లు, హోల్స్ అన్నీ పొర అంచున ఒక సన్నని పట్టీలో కలిస్తే అలాగే ఉంటుంది. ఢీకొనడాలన్నీ అక్కడే, విరగడాలన్నీ అక్కడే. వెలిగే అణువులను పొర అంతటా ఒకే మోతాదులో కలపకుండా, ఒకవైపు ఎక్కువ, రెండోవైపు తక్కువ అయ్యేలా క్రమంగా మారుస్తూ కలిపితే కలుసుకునే చోటు వెడల్పవుతుంది. మిషిగన్ యూనివర్సిటీలో ఫారెస్ట్ బృందం 2014లో ఈ పద్ధతితో నీలం ఫాస్ఫోరోసెంట్ పరికరం ఆయుష్షును అప్పటిదాకా ఉన్నదానికి దాదాపు 10 రెట్లకు తీసుకెళ్లింది. కొత్త పదార్థం కనిపెట్టకుండా, ఉన్నవాటిని పరిచే తీరు మార్చి సాధించిన ఫలితం కాబట్టి ఈ రంగంలో ఎక్కువ మెచ్చుకోవాల్సిన పనుల్లో ఇదొకటి. ఉద్రేక స్థితిలో నిలబడే సమయాన్నే తగ్గించే ప్రయత్నమూ అదే బృందం చేసింది. వెలిగే పొర పక్కనున్న లోహం, పొరల అమరిక సరిచేస్తే ట్రిప్లెట్ తొందరగా వెలుగు విడుస్తుంది, ఢీకొనే వ్యవధి మిగలదు.

ఇదంతా లోపల వెలుగు పుట్టేదాకా జరిగే కథ. పుట్టిన వెలుగు బయటికి రావడం ఇంకో గండం. పాలమూరు ఊళ్లలో వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లు నీళ్లలో మునిగి పైకి చూసే ఉంటారు. ఆకాశం గుండ్రటి కిటికీలా నెత్తిమీద మాత్రమే కనిపిస్తుంది. ఆ గుండ్రం బయట నీటిమట్టం అద్దంలా మెరుస్తూ బావి గోడలనే చూపిస్తుంది. ఏటవాలుగా పైకి వెళ్లే వెలుగు నీటిని దాటలేక వెనక్కి తిరిగి రావడమే దానికి కారణం. వెలుగును ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం ఓఎల్ఈడీ పొరలకు సుమారు 1.7, నీటికంటే ఎక్కువ, కాబట్టి ఆ కిటికీ ఇంకా చిన్నది. ఏ ఏర్పాటూ చేయకపోతే పుట్టిన వెలుగులో దాదాపు ఐదో వంతు మాత్రమే బయటపడుతుంది. మిగతాది పొరల్లో, గాజులో అడ్డంగా పరుగెత్తి, లోహపు పూతలో ఇంకి వేడైపోతుంది.

అందుకే పైన కంటికి కనిపించని కటకాల వరుస పెట్టడం, అణువులు నిలువుగా కాకుండా చాపలా పడుకునేలా పొర వేయడం లాంటి పనులు చేస్తారు. పడుకున్న అణువు వెలుగును ఎక్కువగా పైకే పంపుతుంది. ఈ రెండో పద్ధతితో ల్యాబుల్లో 100 ఎలక్ట్రాన్లకు 30 ఫోటాన్లు దాటి బయటికి రప్పించారు. ఫోన్ తెర మీద అతికించే పోలరైజర్ ఇంకో దొంగ. ఎండ వెలుగు లోపలి లోహం మీద పడి వెనక్కి మెరవకుండా ఆపేది అదే, కానీ తెర సొంత వెలుగులో సగానికి పైగా తినేస్తుంది. 2021లో శాంసంగ్ డిస్‌ప్లే ఒక మడత ఫోన్ తెరలో దాన్ని తీసేసి, రంగు వడపోతలను నేరుగా పైపొర మీద అచ్చేసింది. కరెంటు ఖర్చు 25 శాతం తగ్గిందని ప్రకటించింది. ఇలా దక్కిన ప్రతి శాతమూ బ్యాటరీకి మాత్రమే లాభం కాదు. అదే వెలుగుకు తక్కువ కరెంటు చాలు కాబట్టి నీలం చుక్క మీద బరువు దిగుతుంది.

ఆ బరువు లెక్క సూటిగా ఉండదు. వెలుగు రెట్టింపు చేస్తే ఆయుష్షు సగమవుతుందని అనుకుంటాం. కొలిచి చూస్తే చాలా పరికరాల్లో అది మూడో వంతుకు, నాలుగో వంతుకు పడిపోతుంది. టాండెమ్ పద్ధతి బలం ఇక్కడే ఉంది. రెండు వెలిగే పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో ఎలక్ట్రాన్లు, హోల్స్ పుట్టించే పొర పెడతారు. అదే కరెంటు రెండింటిలోనూ పారుతుంది, కాబట్టి ఒక్కో పొర సగం వెలిగితే సరిపోతుంది. సగం వెలిగే పొర మూడు నాలుగు రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుంది. వోల్టేజీ రెట్టింపవుతుంది కాబట్టి కరెంటు ఖర్చు సగమైపోదు, ఆ సంగతి ప్రకటనల్లో మసకబారుతుంది. లాభమంతా ఆయుష్షులో, ఎక్కువ వెలుగు దగ్గర సామర్థ్యం పడిపోకుండా ఉండటంలో ఉంది. జపాన్‌లో జుంజి కిడో లాంటివాళ్లు 2000ల మొదట్లో చేసిన ఈ ఆలోచన ముందు కార్ల తెరల్లోకి వచ్చింది, 2024 మేలో ఐప్యాడ్ ప్రోలోకీ వచ్చింది. ఇప్పటికి అందుబాటులో ఉన్న పరిష్కారాల్లో ఎక్కువ నమ్మదగ్గది ఇదే.

చుక్కల్లో నిజంగా వెలిగే భాగం ఎంత అనేదీ ఈ లెక్కలోకే వస్తుంది. పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి, రంగు పడకూడని చోటును కాపాడతారు. తెరల తయారీలో సన్నని రంధ్రాల లోహపు రేకును అడ్డుపెట్టి ఒక్కో రంగును దాని చోట పడేలా ఆవిరి పట్టిస్తారు. కట్టు అంచున రంగు పాకినట్టే ఇక్కడా పాకుతుంది. అందుకే చుక్కల మధ్య ఖాళీ వదలాలి. వదిలిన ఖాళీ ఎంత ఎక్కువైతే మిగిలిన చిన్న చుక్క అంత గట్టిగా వెలగాలి, అంత త్వరగా అరగాలి.

డ్యూటీరియం సంగతి చెప్పకుండా ఉండలేం. అణువులోని హైడ్రోజన్లను తీసి, రెట్టింపు బరువుండే దాని కవల డ్యూటీరియాన్ని పెడతారు. రంగు మారదు, పనితీరు మారదు. బరువెక్కిన పరమాణువు తక్కువగా కంపిస్తుంది కాబట్టి కార్బన్‌తో దాని బంధం తెగడానికి ఎక్కువ శక్తి కావాలి. 2021 చివర్లో ఎల్జీ డిస్‌ప్లే దీన్ని టీవీ తెరల్లో తెస్తున్నట్టు చెప్పింది. ఈ డ్యూటీరియానికి మూలం భారజలం. అణు రియాక్టర్ల కోసం గోదావరి ఒడ్డున మణుగూరులో తయారయ్యేది ఆ భారజలమే. టీవీ తెర ఆయుష్షుకూ దానికీ చుట్టరికం ఉందని తెలిసినవాళ్లు తక్కువ.

పదార్థం ఎంత మంచిదైనా తేమ తగిలితే అంతే. పై లోహపు పూతకు నీటి ఆవిరి తగిలిన చోట పొర లేచిపోతుంది, అక్కడ నల్లచుక్క పుడుతుంది, రోజురోజుకూ పెరుగుతుంది. దాన్ని ఆపే సీలు ఎంత గట్టిగా ఉండాలో చెప్పే అంకె చదరపు మీటరుకు రోజుకు గ్రాములో పది లక్షలో వంతు. దీన్ని ఎకరాల్లో చెప్పుకుందాం. ఎకరం పొలం మీద ఆ రేకు పరిస్తే రోజంతా దానిగుండా దిగే నీరు 4 మిల్లీగ్రాములు. అంటే ఒక్క చుక్క దిగడానికి పది పన్నెండు రోజులు పట్టాలి. మామూలు ప్లాస్టిక్ రేకైతే అదే ఎకరంలో రోజుకు కిలోల కొద్దీ దిగుతుంది. మడత ఫోన్లలో గాజు పెట్టే వీల్లేదు కాబట్టి గట్టి అకర్బన పొర, మెత్తటి సేంద్రియ పొర మార్చి మార్చి వేసి ఈ అంకెను సాధిస్తారు. రిపేరులో మార్పించిన కాంబోల్లో కొన్ని నెలల్లోనే అంచుల నుంచి నల్లబారడం కనిపిస్తే చాలాసార్లు సీలే అనుమానించాలి.

ఇక ఎండ. మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు 44, 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆటో ముందు అద్దం దగ్గర మ్యాప్ పెట్టుకుని వేలాడే ఫోన్, కారు డ్యాష్‌బోర్డు మీద ఉంచిన ఫోన్ అంతకంటే చాలా ఎక్కువ వేడిని చూస్తాయి. తొలితరం పరికరాల్లో హోల్స్‌ను మోసే పదార్థం 65 డిగ్రీల దగ్గరే మెత్తబడి గడ్డలు కట్టేది. ఇప్పటి పదార్థాలు 100 డిగ్రీలు దాటినా గట్టిగా ఉంటాయి, ఆ గండం గడిచింది. కానీ బంధాలు విరిగే రసాయన చర్యలన్నీ వేడికి వేగం పుంజుకుంటాయి. పైగా ఎండలో కనిపించాలని ఫోన్ బ్రైట్‌నెస్‌ను తానే పైకి తీసుకెళ్తుంది. ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి, అదే మ్యాప్, అదే పట్టీ గంటల తరబడి. చల్లని దేశంలో చేసిన ఆయుష్షు పరీక్షను ఈ ఆటో ఫోన్‌కు అన్వయించడం కుదరదు.

ఆయుష్షు అంకెల్లో ఇంకో మెలిక ఉంది. లక్ష గంటలు అని రాస్తే, అది వెలుగు సగానికి పడేదాకానా, 95 శాతానికి పడేదాకానా, ఏ బ్రైట్‌నెస్ దగ్గర అని అడగాలి. తెర మొత్తం సమానంగా 20 శాతం తగ్గినా కన్ను పట్టుకోదు. పక్కపక్కన ఉన్న రెండు చోట్ల మధ్య 3, 4 శాతం తేడా వస్తే మాత్రం ఇట్టే పట్టేస్తుంది. బూడిదరంగు ఫొటోలో కనిపించిన మచ్చ ఆ కొద్ది శాతమే. కాబట్టి ఫోన్ కొనేవాళ్లకు వెలుగు సగానికి పడేదాకా అనే ఆయుష్షు అంకె పెద్దగా పనికిరాదు.

2025 మేలో ఎల్జీ డిస్‌ప్లే నీలం ఫాస్ఫోరోసెంట్ తెరను వాణిజ్య స్థాయికి తెచ్చినట్టు ప్రకటించింది. అది టాండెమ్ అమరికే. పై పొరలో కొత్త ఫాస్ఫోరోసెంట్ నీలం, కింది పొరలో పాత ఫ్లోరోసెంట్ నీలం. సామర్థ్యం ఒకదాని నుంచి, నిలకడ ఇంకోదాని నుంచి తీసుకుని, కరెంటు ఖర్చు సుమారు 15 శాతం తగ్గించామన్నారు. పూర్తి ఫాస్ఫోరోసెంట్ నీలానికి ఇంకా ధైర్యం చాలలేదని ఆ అమరికే చెబుతోంది. అయినా ఇది చిన్న అడుగు కాదు. నీలం ఒక్కటి తేలితే చుక్కల సైజులు, బ్యాటరీ, వేడి, మచ్చలు అన్నీ ఒకేసారి మారతాయి.

అందాకా వాడేవాళ్ల చేతిలో ఉన్నదీ కొంచెం ఉంది. డార్క్ మోడ్‌తో నల్లని చోట చుక్కలు ఆరిపోతాయి, కరెంటూ అరుగుదలా రెండూ తగ్గుతాయి. అయితే 2021లో పర్డ్యూ యూనివర్సిటీ కొలిచినప్పుడు, పూర్తి బ్రైట్‌నెస్ దగ్గర 39 నుంచి 47 శాతం కరెంటు మిగిలింది, ఇంట్లో వాడే 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్ దగ్గర 3 నుంచి 9 శాతమే. అంటే దాని అసలు విలువ ఎండలో వాడేవాళ్లకే. ఫోన్ వేడెక్కి వెలుగు తానే తగ్గించుకుంటే దాన్ని మళ్లీ పైకి నెట్టకుండా నీడకు తీసుకెళ్లడం మేలు.

ఓఎల్ఈడీ టీవీ ఉన్న ఇళ్లలో ఒక అలవాటు మార్చుకోవాలి. ఆ టీవీలు నాలుగైదు గంటలు చూశాక, రిమోట్‌తో ఆపినప్పుడు స్టాండ్‌బైలో ఉండి, ఒక్కో చుక్క ఎంత అరిగిందో కొలుచుకుని సరిచేసుకుంటాయి. చూడటం అవగానే బోర్డు దగ్గర స్విచ్ కట్టేసే ఇంట్లో ఆ పని ఎప్పటికీ జరగదు, న్యూస్ ఛానల్ స్క్రోలింగ్ పట్టీ అడుగున నీడలా నిలిచిపోతుంది. రిమోట్‌తో ఆపి రాత్రంతా స్విచ్ అలాగే ఉంచాలి. ఉరుములు మెరుపులు ఉన్న రోజు మాత్రం ప్లగ్ పీకేయడమే సరైన పని, సరిచేసుకునే పని మర్నాడు చేసుకుంటుంది.